కల్వర్టుకి అవతల

పదిన్నరకు పిలుస్తామన్నారు. పదకొండు కావస్తున్నా పిలవలేదు. నర్సీపట్నం మేజిస్ట్రేటు కోర్టు వరండాలో గోడవారన వేసిన బల్ల మీద కూర్చుని కరుణకుమారి తన తమ్ముణ్ణి చూస్తోంది, అతను ఇటు చూడనప్పుడు మాత్రమే చూస్తోంది. యేసురాజు స్తంభం దగ్గర నిలబడి చొక్కా చేతులు మడుస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మడుస్తున్నాడు. ఇరవై ఆరేళ్లవాడు. అమ్మ పోయేనాటికి వాడికి ఆరు, తనకి పదహారు. మిషన్ కాంపౌండులో నూతి దగ్గర కూర్చోబెట్టి వాడికి తలంటు పోసింది తను, తట్టు పోసినప్పుడు తొమ్మిది రోజులు పక్కన కూర్చుంది తను, చదువు అబ్బకపోతే జీపుల ఓనరు దేవుళ్లు గారి దగ్గరికి వెంటబెట్టుకు వెళ్లి ఆయన సర్వీసు జీపు మీద క్లీనరుగా పెట్టించి, తర్వాత డ్రైవరు చేయమని అడిగిందీ తనే. ఏ గీత ఎక్కడుందో తెలిసిన ముఖం. ఇవాళ మాత్రం ఎవరో పరాయివాడు ఆ ముఖాన్ని తొడుక్కుని నిలబడ్డట్టుంది. తనూ అంతే కావచ్చు, వాడి కళ్లకి. వాడు కూడా తను చూడనప్పుడే చూస్తున్నాడేమో.

చెప్పాల్సింది ఒక్క వాక్యం. జీపు కల్వర్టుకి ఇవతల ఎడమ పక్కన ఆగి ఉంది, లారీ వచ్చి గుద్దింది. సర్కారు ప్లీడరు నిన్న రెండుసార్లు చెప్పించాడు. పోలీసులు రాసుకున్న కాగితంలో తన పేరు కింద ఇదే వాక్యం ఉంది, తమ్ముడి పేరు కింద కూడా ఇదే. ఇక్కడే ఏదో గుచ్చుకుంటోంది. పద్నాలుగేళ్లుగా ఆన్సరు పేపర్లు దిద్దుతున్న మనిషి తను. సొంతంగా రాసిన పిల్లలు ఒకే సంగతిని తలొక రకంగా రాస్తారు. మాట మాటకీ సరిపోయిందంటే ఒకరిది చూసి ఒకరు రాశారన్నమాట. యేసురాజు ఈ వాక్యాన్ని రెండేళ్లలో ఎన్నిసార్లు చెప్పాడో, ఆసుపత్రిలో, స్టేషన్లో, చర్చి మెట్ల మీద పాస్టరు గారికి, దేవుళ్లు గారింట్లో, ఎక్కడ చెప్పినా ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. కళ్లతో చూసినవాడు ఒకసారైనా 'ఎడమ పక్కన' బదులు 'రోడ్డు వారన' అనడా? మరి తను? తనూ అదే అక్షరాల్లో చెప్పింది. తను ఎవరిది చూసి రాసింది?

ఆ రోజు తనకి కొంతవరకే గుర్తుంది, అదే చిక్కు. డెబ్భై తొమ్మిది డిసెంబరు, సోమవారం పొద్దున్న. గొలుగొండ హైస్కూలుకి రోజూ తమ్ముడి జీపు మీదే వెళ్లేది. ముందు డ్రైవరుతో కలిపి ఇద్దరు పట్టేచోట ముగ్గురు, వెనక పదిమంది. ముందు సీట్లో తనకీ యేసురాజుకీ మధ్య కొండలమ్మ అనే మన్యం ముసలావిడ. సంతకి వచ్చి, బంధువుల దగ్గర ఆగి, మొదటి జీపుకి తిరిగి వెళుతోంది. ఒళ్లో ఎండుచేపల గంప. తనకి ఆ వాసన పడక గాలి తగిలే బయటి అంచు సీటు తీసుకుని ఆవిణ్ణి మధ్యకి జరగమంది. ఆవిడ నవ్వుతూ జరిగింది. మెడలో పూసలు నాలుగు పేటలు. ఊరు దాటాక చెరుకు తోటలు, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఆవిడ మోకాలు తన మోకాలికి తగులుతోంది. అంతే. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు. మధ్యలో ఏమీ లేదు, నల్లబల్ల మీద తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టు. తలకి దెబ్బ తగిలితే అంతకు ముందు కొన్ని నిమిషాలు కూడా పోతాయని డాక్టరు చెప్పాడు. ఆ నిమిషాల్లోకి తర్వాత మెల్లగా బొమ్మ వచ్చి చేరింది: ఒక్క బండే పట్టే కల్వర్టు, ఆగిన జీపు, ఎదురుగా చెరుకు లారీ. ఎంతో స్పష్టంగా ఉంది, కానీ ఆ బొమ్మలో తనకి ఎండుచేపల వాసన రాదు. మోకాలికి ఎవరి మోకాలూ తగలదు.

కళ్లు తెరిచినప్పుడు మంచం పక్కన ఉన్నది వాడే. రెండు పక్కటెముకలు విరిగి ఛాతీకి కట్టు కట్టించుకుని, తన మంచం పట్టుకుని కూర్చున్నాడు. "నిద్రలో ఉండిపోనావక్కా, నీకేటీ తెల్దు. సీట్లోంచి నానే ఎత్తుకొచ్చాను," అన్నాడు. మొదటి వారం అంతా అదే మాట. రెండో వారం దేవుళ్లు గారు యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చి వెళ్లాక మాట మారింది. "జీపు ఆపీసరికి నువ్వు కళ్లు తెరిసి సూసేవు కదక్కా," అన్నాడు. నిద్రపోయినదాన్ని ఎప్పుడు లేపారు? అప్పుడే అడగాల్సింది. అడగలేదు. వాడు స్పూనుతో జావ తాగిస్తుంటే, పక్కటెముకల నొప్పికి పళ్లు బిగబట్టి తన జడ విప్పి దువ్వుతుంటే ఎలా అడుగుతుంది? ఆ జడ. మొదటి మూడు రోజులూ తలగడ నిండా చీమలు. అప్పయమ్మ అనే నర్సమ్మ విసుక్కుంటూనే ఉంది, చూడటానికొచ్చేవాళ్లు మిఠాయిలు తెచ్చి పడేస్తున్నారని. మిఠాయిలు తెచ్చిందెవరు? తలంతా జిగురు, అట్టలు కట్టి దువ్వెన దిగలేదు. ఎడమ మోచేతిలోంచి డాక్టరు కంకర ముక్కలు తీసి పింగాణీ గిన్నెలో వేస్తుంటే చప్పుడయ్యేది. సీట్లో కూర్చున్నదానికి కంకర ఎక్కడిది? ఇన్నాళ్లూ ఇవన్నీ ఎవరి పేపరో అన్నట్టు పక్కన పెట్టేసింది.

వరండా అవతలి చివర సోమన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. లారీ డ్రైవరు. ముద్దాయి. అతనిదీ కొండ మీది ఊరే, చింతపల్లి దారిలో ఏదో. రెండేళ్లుగా ప్రతి వాయిదాకీ వస్తాడు, అక్కడే కూర్చుంటాడు, ఎవరితోనూ మాట్లాడడు. లారీ ఓనరు ఎప్పుడో పనిలోంచి తీసేశాడు. ఆ రోజు జనం అతన్ని చెట్టుకి కట్టి కొట్టారట. ఎందుకంటే అతని ఒంటి మీద గీత కూడా పడలేదు. జీపు ముందు భాగం పకోడీ పొట్లంలా నలిగిపోయి, ముసలావిడ ప్రాణం పోయి, పంతులమ్మకి బుర్ర పగిలి, లారీకి మాత్రం బంపరు వంగి ఒక లైటు పగిలిందంతే. అంత దెబ్బ కొట్టినవాడు కాబట్టే వాడికి ఏమీ కాలేదన్నారు. ఊరంతా అంది. తనూ తలూపింది. తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా చెప్పే మనిషి తలూపింది. చర్యకి సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది. పిల్లలు ఏటా ఒకే తప్పు చేస్తారు, చర్య ముందు జరుగుతుంది, ప్రతిచర్య తర్వాత వస్తుంది అని రాస్తారు, ఒకరు కొడితే ఇంకొకరు తిరిగి కొట్టినట్టు. కాదర్రా, రెండూ ఒక్క క్షణంలోనే, ఎవరు ముందు అని లేదు. లారీ జీపుని ఎంత బలంతో తోస్తే జీపూ లారీని అంతే బలంతో తోస్తుంది. అదే బలం. కానీ లారీ ఎనిమిది జీపుల బరువు. అదే బలం లారీ వేగాన్ని కాస్త తగ్గిస్తుంది, జీపుని వచ్చిన దారినే వెనక్కి విసిరేస్తుంది. నుజ్జయినది తేలికైనదని తెలుస్తుంది, తప్పు లేనిదని కాదు. బ్లాక్‌బోర్డు మీద రెండు బాణాలు సమానంగా గీసి ఇదంతా చెప్పిన తను, చెట్టుకి కట్టిన మనిషి విషయంలో మాత్రం పెద్ద బాణం లారీకే గీసింది.

దేవుళ్లు గారు వచ్చి పక్కన నిలబడ్డారు. సెంటు వాసన. "భయపడకండి టీచరమ్మగారూ. ఒక్క ముక్క సెప్పీసి దిగిపోవడమే," అన్నారు. ఆయన ఎప్పుడూ గౌరవంగానే మాట్లాడతారు. గౌరవం ఎక్కువైన కొద్దీ తనకి వీపు మీద ఏదో పాకినట్టుంటుంది. ఆయన స్తంభం దగ్గరికి వెళ్లి యేసురాజు భుజం మీద చెయ్యి వేశారు. వాడి భుజం ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత వదులైంది. మార్చిలో వాడికి కొత్త జీపు ఇచ్చారు. జీపు ఆగి లేదని తేలితే కేసు వాడి మీదికి తిరుగుతుంది, లైసెన్సు పోతుంది, జైలు కూడా కావచ్చు. వాడి భార్య పరిమళకి ఏడో నెల. ఇవన్నీ తనకి తెలియవా? తెలుసు కాబట్టే ఈ రెండేళ్లూ చీమల గురించి ఎవరితోనూ అనలేదేమో. అందరినీ అనుమానిస్తోంది గానీ, మొదట అనుమానించాల్సిన మనిషి బల్ల మీదే కూర్చుని ఉంది కదా.

బల్ల రెండో చివర కొండలమ్మ కూతురు కామమ్మ ఉంది. నలభై ఉంటాయి. తల్లి మెడలోని పూసలే కాబోలు, ఇప్పుడు ఈమె మెడలో ఉన్నాయి. ఆ రోజు జీపు వెనకాల, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంది. కాలు విరిగింది, ఇప్పటికీ కుంటుతుంది. అడ్డాకులో చుట్టిన పొగాకు చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది. సాక్షుల్లో ఈమె పేరు లేదు. జీపు వెనక కూర్చున్నవాళ్లెవరినీ ఏమీ అడగలేదు, మొదటినుంచి పూర్తి తెలివితో ఉన్న ఈమెని కూడా. ఈ ఆలోచన ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?

"నిన్ను లోపలికి పిలవరా, కామమ్మా?"

"నన్నెందుకు పిలుత్తారమ్మా. మా అమ్మ కేసు గదాని ఒత్తన్నాను. పోలీసోలు ఏటీ అడగనేదు. ఏలిముద్దర ఏయించుకుని పొమ్మన్నారు."

"జీపు ఆగినప్పుడు నీకు తెలిసిందా?"

కామమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తనని పరీక్ష చేస్తున్నారేమో అని చూసినట్టు చూసింది. "ఆగడవేటమ్మా," అంది చివరికి. "ఆగితే ఒల్లు ఓపాలి తూలుతాది గదా. నేదు. గాలికి సీర కొంగు నిలవనేదు. అలాగే ఎల్లి గుద్దీసింది."

"మరి నన్ను సీట్లోంచి..."

"నువ్వు సీట్లో యెక్కడున్నావు? గద్ద ఎత్తుకుపోయినట్టు ఎల్లిపోనావు. కల్వొట్టుకి ఆయేపున, గొలుగొండ పక్కకి, సెరుకు గెడల మీద బోర్లా పడున్నావు. ఆ లారీవోడే, ఆ సోమన్నే, నిన్ను ఎత్తి బస్సులో ఏసినోడు. నిన్ను ఏసొచ్చినాకే ఆడ్ని సెట్టుకి కట్టినారు."

ఆయేపున. కరుణకుమారి బల్ల అంచు పట్టుకుంది. నమ్మొచ్చా? ఈమెది సోమన్న మనుషుల ఊరే కావచ్చు. సోమన్న వాళ్లావిడ వచ్చి ఏదైనా చెప్పి ఉండొచ్చు. అయితే తన తల్లి చావుకి కేసు ఎదుర్కొంటున్నవాణ్ణి కాపాడాల్సిన పని ఈమెకేమిటి? మనుషుల్ని వదిలెయ్. కల్వర్టుని చూడు. జీపు పోతున్నది గొలుగొండ వైపు. తమ్ముడు చెప్పినట్టు కల్వర్టుకి ఇవతల, నర్సీపట్నం వైపు ఆగి ఉందనుకో. ఎదురుగా వచ్చిన లారీ గుద్దితే అన్నీ వెనక్కే, నర్సీపట్నం వైపే పోవాలి. జీపు అలాగే పోయింది, వెనక్కి జారిపోయి ఇవతలే ఆగింది, అందుకే వాడి మాట అందరికీ అతికింది. కానీ జీపుని వెనక్కి తోసిన బలం జీపుని పట్టుకున్నవాళ్లనే వెనక్కి లాగుతుంది. యేసురాజు స్టీరింగు పట్టుకున్నాడు. తను దేన్నీ పట్టుకోలేదు, తలుపు లేని అంచు సీటు. జీపు ఆగిపోయినా తను ఆగలేదు, జీపు అప్పటిదాకా పోతున్న వేగంతో పోతున్న వైపే పోయింది, కల్వర్టు దాటి, అవతలికి. ఆగిన జీపులోంచి మనిషి ముందుకి ఎగరదు. రెండు నెలల తర్వాత బస్సులో మొదటిసారి స్కూలుకి వెళ్తూ కిటికీలోంచి చూసింది, లారీలోంచి పడిన చెరుకు ఆకు ఎండి కుప్పగా ఉన్నది కల్వర్టుకి అవతలే. చీమలకి తెలుసు. మోచేతికి తెలుసు. ఒంటికి తెలిసిన సంగతి బుర్రకి చేరకుండా రెండేళ్లు అడ్డుపడ్డదెవరు?

"కరుణకుమారీ," అని బంట్రోతు మూడుసార్లు కేక వేశాడు.

లోపల ఫ్యాను తిరగడం లేదు. ప్రమాణం చేసింది. సర్కారు ప్లీడరు కాగితం తిప్పుతూ, "లారీ గుద్దేటప్పటికి జీపు ఆగి ఉందా, నడుస్తోందా?" అన్నాడు, జవాబు వినకుండానే రెండో ప్రశ్నకి సిద్ధమవుతూ.

"నాకు గుర్తు లేదండి," అంది.

అతను తలెత్తాడు. పోలీసు కాగితం చదివి వినిపించాడు. అది మీరు చెప్పినదేనా అన్నాడు. చెప్పాను గానీ చూసి చెప్పలేదండి, మా తమ్ముడు చెబితే విని చెప్పాను అంది. తన గొంతు క్లాసులో వినపడినట్టు వినపడింది. సాక్షి ఎదురు తిరిగిందన్నాడు ప్లీడరు. సోమన్న తరపు కుర్ర వకీలు లేచి, మీరు ఎక్కడ పడ్డారు అని అడిగాడు. కల్వర్టుకి అవతల, గొలుగొండ వైపు అంది. మేజిస్ట్రేటు రాయడం ఆపి కళ్లజోడు పైనుంచి చూశాడు.

"గుర్తు లేదన్నారు. ఇదెలా తెలుసు?"

"ఆసుపత్రిలో నా తలంతా చెరుకు రసం అట్టకట్టి ఉందండి, మూడు రోజులు చీమలు పట్టాయి. చెరుకు పడింది కల్వర్టుకి అవతలే. నన్ను ఎత్తినప్పుడు చూసిన కామమ్మ బయట కూర్చుని ఉంది, ఆమెని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. సార్, లారీ జీపుని ఎంత బలంతో తోసిందో జీపూ దాన్ని అంతే బలంతో తోసింది. జీపు తేలిక కాబట్టి నలిగింది. అది చూసి తప్పెవరిదో చెప్పలేం. నేను ఎటు పడ్డానో చూస్తే మాత్రం చెప్పొచ్చు. జీపు ఆగి ఉంటే నేను అటు పడనండి."

ఈమె టీచరే గానీ నిపుణురాలు కాదని సర్కారు ప్లీడరు అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేటు అభ్యంతరం రాసుకున్నాడు, ఆమె చెప్పినదీ రాసుకున్నాడు, తర్వాత కామమ్మ ఇంటిపేరు అడిగి అదీ రాసుకున్నాడు. దిగొచ్చు అన్నాడు. తలుపు పక్కన నిలబడ్డ సోమన్న ఆమెకి దారి ఇచ్చాడు. దండం పెట్టలేదు. అతని చేతులు చూసింది. తనని మోసిన చేతులు, నల్లగా, గోళ్లు విరిగి. రెండేళ్లు ఆలస్యంగా చూసింది, తలొంచుకుని దాటింది.

వరండాలో దేవుళ్లు గారు లేరు. యేసురాజు స్తంభం దగ్గరే ఉన్నాడు, చొక్కా చేతులు ఒకటి మడిచి ఒకటి విప్పి. కేకలు వేస్తాడనుకుంది. వేయలేదు.

"ఎందుకు ఆపలేదురా?"

"ఆడు ఆగుతాడనుకున్నానక్కా." విప్పిన చొక్కా చెయ్యి మళ్లీ మడుచుకున్నాడు. "ఆడు అప్పుటికే కల్వర్టు ఎక్కీసేడు. అయినా... నాను ముందు దాటీగలననుకున్నాను."

"అంత తొందరేంటి? నిన్ను వెనక నుంచి ఏం తరుముకొచ్చింది?"

చెప్పు అంది. వాడు కోర్టు ఆవరణలో నిలిపిన సైకిళ్ల వైపు చూస్తూ, మాటలు దొరక్క వెతుక్కుంటూ అన్నాడు. "నువ్వే... బేగి పోనీమన్నావు. ఇనస్పెక్టరొస్తాడు, ప్రేయరుకి ముందే ఉండాలన్నావు. ఓపాలి కాదు. కల్వర్టు కనబడ్డాక కూడా... ఆగమాక, పోనీరా అన్నావు."

"ఇన్నాళ్లూ ఎక్కడా అనలేదేం?"

"ఎందుకు? నీకు గుర్తు నేదు గదా. నిద్రలో ఉన్నావని సెప్పీసేను."

ఇది కూడా అబద్ధమేమో. ఇప్పుడే కల్పించాడేమో, బోనులో తను చేసినదానికి బదులుగా. ఆ మాటల్ని మళ్లీ మళ్లీ విన్నది మనసులో. ఇవి ఆ పాత వాక్యంలా లేవు. తడబడ్డాయి, ఆగాయి, ఒకదాన్ని ఒకటి తోసుకున్నాయి. స్కూలు లాగ్‌బుక్కులో ఆ సోమవారం ఇన్‌స్పెక్షను రాసి ఉండాలి. అది చూస్తే తెలుస్తుంది. చూడకుండానే తెలుస్తోంది, ఆదివారం రాత్రంతా లెసన్ నోట్సు రాసి ఉండాలి తను, పొద్దున్న కళ్లు మండుతూ జీపెక్కి ఉండాలి. కానీ గుర్తు కాదు ఇది, లెక్క. ఆమె బల్ల దగ్గరికి వెళ్లి కామమ్మ ముందు వంగింది.

"ఆ రోజు నేను జీపు తొందరగా పోనీమన్నానా? నువ్వు విన్నావా?"

కామమ్మ చెవి మీద చుట్ట సర్దుకుంది. యేసురాజు వైపు చూసింది, కిందికి చూసింది, ఎటూ కాకుండా చూసింది.

"ఇంజిను సప్పుడు గదమ్మా," అంది గబగబా. "నాకేటీ ఇనబడనేదు."

గాలికి కొంగు నిలవలేదని చెప్పిన మనిషి, జీపు తూలలేదని చెప్పిన మనిషి, రెండేళ్ల తర్వాత కూడా ఒక్కొక్క సంగతీ అలాగే పట్టుకుని ఉన్న మనిషి. తల్లి పోయిన మనిషి. ఆమె కూడా తనని కాపాడుతోంది. కరుణకుమారి నిటారుగా నిలబడింది. లోపల ఈ కేసు వాయిదా వేసి తర్వాతిది పిలవబోతున్నారు, బంట్రోతు కాగితాలు చూసుకుంటున్నాడు. అక్కా, ఎటు అన్నాడు యేసురాజు వెనకనుంచి. ఆమె ఆగలేదు.

"బాబూ," అంది బంట్రోతుతో, "అయ్యగారితో చెప్పండి. నాదింకా అవలేదు. ఒక మాట మిగిలిపోయింది."